పాత టైమ్‌షేర్ కొంటున్నారా? అమ్మే ధర కాదు, ఏటా కట్టే ఫీజు చూడండి

ఎండాకాలం సెలవులు దగ్గరపడితే మన ఇళ్లలో మొదలయ్యే మాట ఒకటే. "ఈసారైనా ఊటీ పోదాం అబ్బా" అని పిల్లలు. "నానీని కూడా తీసుకుపోదాం" అని అమ్మీ. సరిగ్గా అప్పుడే బెంగళూరులో ఉండే మామూనో, ఆయన స్నేహితుడో ఫోన్ చేస్తాడు. "నా దగ్గర హాలిడే క్లబ్ మెంబర్షిప్ ఉంది. అప్పట్లో లక్షలు పోసి తీసుకున్నా. వాడుకోవడం కుదరట్లేదు. నీకైతే లక్షన్నరకే ఇచ్చేస్తా. ఇంకా పన్నెండేళ్లు మిగిలి ఉంది" అంటాడు.

వినడానికి బాగానే ఉంటుంది. ఏటా వారం రోజులు కొండల్లో రిసార్టు, పన్నెండేళ్లపాటు, లక్షన్నరకే. కొన్ని కుటుంబాలకు ఇది నిజంగానే మంచి బేరం. ఇంకొన్ని కుటుంబాలకు ఇది ఏనుగును చవకగా కొన్నట్టు. కొనడం తేలికే, మేపడమే కష్టం. మీది ఏ కుటుంబమో డబ్బు ఇవ్వకముందే తేల్చుకోవాలి. అందుకు కావలసిన వివరాలన్నీ ఒకచోట పెడుతున్నాం.

టైమ్‌షేర్ అంటే ఏంటి?

ఒక రిసార్టు గదిని ఏడాది పొడవునా ఒకరే కొనకుండా, వారాలుగా పంచి చాలామందికి అమ్మడమే టైమ్‌షేర్. 1960లలో యూరప్‌లోని ఆల్ప్స్ కొండల్లో ఈ పద్ధతి మొదలై, తర్వాత అమెరికాలో పెద్ద వ్యాపారంగా మారింది. మన దేశంలో 1986లో మొదలైన స్టెర్లింగ్ హాలిడేస్, 1996లో మొదలైన మహీంద్రా హాలిడేస్ ఇందులో అందరికీ తెలిసిన పేర్లు. మహీంద్రా వాళ్ల పథకాన్నే మనం క్లబ్ మహీంద్రా అంటాం. ఊటీ, కొడైకెనాల్, ఏర్కాడు, మున్నార్, కొడగు లాంటి చోట్ల ఈ కంపెనీల రిసార్టులున్నాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మన దేశంలో ఎక్కువగా అమ్మేది ఆస్తి కాదు, వాడుకునే హక్కు. ఏటా ఇన్ని రాత్రులు, ఇన్నేళ్లపాటు ఉండే హక్కు. క్లబ్ మహీంద్రాలో బాగా తెలిసిన పథకం ఏటా 7 రాత్రులు, 25 ఏళ్లు. గడువు అయిపోతే హక్కు కూడా అయిపోతుంది. ప్లాటు లాగా రిజిస్ట్రేషన్ ఉండదు, ధర పెరగదు. పైగా ఒక్కో ఏడాది గడిచేకొద్దీ దాని విలువ తగ్గుతూ పోతుంది. కాబట్టి "ఇన్వెస్ట్‌మెంట్" అని ఎవరైనా చెబితే ఆ మాట అక్కడే వదిలేయండి. ఇది ముందుగా కట్టిన గది అద్దె, అంతే.

రీసేల్ ఎందుకంత చవక?

కొత్త మెంబర్షిప్ ధరలో గది ఖర్చు ఒక్కటే ఉండదు. మాల్‌లో కూపన్ నింపించుకునేవాళ్ల జీతం, "మీకు గిఫ్టు వచ్చింది, భార్యాభర్తలిద్దరూ రండి" అని హోటల్‌కు పిలిచి రెండు గంటలు కూర్చోబెట్టే ఖర్చు, ఏజెంటు కమీషన్, అన్నీ అందులోనే ఉంటాయి. మొదటిసారి కొన్నవాడు అవన్నీ కట్టేశాడు. రెండోసారి కొనేవాడు వాటికి డబ్బు ఇవ్వాల్సిన పని లేదు. అందుకే పాత మెంబర్షిప్ అంత తక్కువకు వస్తుంది.

ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని అమ్మేవాడు చెప్పడు. మెంబర్షిప్ చేతిలో ఉన్నంతకాలం, రిసార్టుకు పోయినా పోకపోయినా, ఏటా సబ్‌స్క్రిప్షన్ ఫీజు కట్టాలి. దానిమీద 18 శాతం జీఎస్టీ కూడా. ఆ భారం వదిలించుకోవడానికే చాలామంది అమ్ముతారు. అమెరికాలో అయితే కొందరు తమ టైమ్‌షేర్‌ను ఒక్క డాలరుకు కూడా ఇచ్చేయడానికి సిద్ధపడతారు. అక్కడ కొన్ని టైమ్‌షేర్లకు గడువే లేదు, ఫీజుకూ అంతం లేదు. అమెరికాలో ఉన్న చుట్టాలు "ఊరికే ఇస్తాం, తీసుకో" అంటే సంతోషపడేముందు ఇది గుర్తు చేసుకోండి. ఊరికే ఇచ్చినా ఫీజు మాత్రం మీ పేరు మీదికి వస్తుంది.

లెక్క వేసి చూద్దాం

కింది అంకెలు ఉదాహరణకు మాత్రమే. మీకు వచ్చిన బేరంలోని అసలు అంకెలు పెట్టి ఇదే లెక్క మీరే వేసుకోవచ్చు.

అమ్మే ధర 1,50,000 రూపాయలు. కంపెనీ రికార్డులో పేరు మార్చడానికి ట్రాన్స్‌ఫర్ ఫీజు 25,000 అనుకుందాం. మొత్తం 1,75,000. మిగిలింది 12 ఏళ్లు, ఏటా 7 రాత్రులు, అంటే 84 రాత్రులు. ఏటా ఫీజు జీఎస్టీతో కలిపి 20,000.

ఫీజు ఎప్పటికీ పెరగదనుకుంటే 12 ఏళ్లకు 2,40,000. కొన్న ఖర్చుతో కలిపి 4,15,000. దాన్ని 84తో భాగిస్తే రాత్రికి 4,940 రూపాయలు.

కానీ ఫీజు పెరుగుతుంది. ఏటా 6 శాతం చొప్పున పెరిగితే పన్నెండో ఏడాది కట్టేది దాదాపు 38,000. పన్నెండేళ్ల ఫీజు మొత్తం సుమారు 3,37,000. కొన్న ఖర్చుతో కలిపితే 5,12,000 దాటుతుంది. రాత్రికి 6,100.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఏడు రాత్రులూ మీరు ఏటా వాడతారా? దుకాణం, పిల్లల ట్యూషన్లు, ఇంట్లో పెళ్లిళ్లు, పెద్దవాళ్ల ఆరోగ్యం, ఇవన్నీ చూసుకుని సగటున ఏటా నాలుగు రాత్రులే వాడగలిగితే, అదే డబ్బుకు ఒక్కో రాత్రి 10,600 రూపాయలు దాటిపోతుంది. వాడని రాత్రుల్ని తర్వాతి ఏడాదికి జరుపుకునే వీలు కొన్ని పథకాల్లో ఉంది, కానీ దానికి పరిమితి ఉంటుంది.

చూశారుగా, అమ్మేవాడు లక్షన్నర నుంచి లక్షకు దిగివచ్చినా పెద్ద తేడా రాదు. రాత్రికి మిగిలేది 600 లోపే. ఫీజు ఎంత, మీరు ఎన్ని రాత్రులు వాడతారు, ఈ రెండే లెక్కను తిప్పేస్తాయి. బేరం ధర దగ్గర గంటలు గంటలు ఆడతాం కానీ ఫీజు గురించి ఒక్క మాట అడగం. తప్పు జరిగేది అక్కడే.

మరి హోటల్ సంగతి? 2025 సెప్టెంబరు 22 నుంచి రాత్రికి 7,500 రూపాయల దాకా ఉన్న గదులకు జీఎస్టీ 5 శాతమే. హోటల్ రేట్లు కూడా ఏటా పెరుగుతాయి, నిజమే. కానీ హోటల్‌కు పోని ఏడాది మనం పైసా కట్టం. టైమ్‌షేర్‌లో పోని ఏడాది కూడా కట్టాలి. మే నెలలో ఊటీలో మీకు నచ్చే స్థాయి గదికి ఎంత అడుగుతున్నారో ఫోన్ చేసి కనుక్కోండి. మీ లెక్కలో వచ్చిన అంకె దానికంటే బాగా తక్కువగా ఉంటేనే ముందుకు పోండి.

మీ సెలవులు, వాళ్ల సీజన్లు

హాలిడే క్లబ్బులు ఏడాదిని సీజన్లుగా విడగొడతాయి. క్లబ్ మహీంద్రాలో వీటికి రంగుల పేర్లు: పర్పుల్, రెడ్, వైట్, బ్లూ. పర్పుల్ అంటే అందరూ ఎగబడే రోజులు, బ్లూ అంటే రద్దీ లేని రోజులు. పై రంగు ఉన్నవాళ్లు కింది రంగు రోజుల్లో పోవచ్చు, కింది రంగు వాళ్లకు పై రంగు రోజుల్లో దొరకదు. ఏ రిసార్టులో ఏ వారం ఏ రంగో పట్టిక ఉంటుంది. చవకగా అమ్మకానికి వచ్చేవాటిలో వైట్, బ్లూ ఎందుకు కనిపిస్తాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. బడి పిల్లలున్న ఇంటికి ఎండాకాలం, దసరా, సంక్రాంతి సెలవులే దిక్కు. ఆ రోజులకు పనికిరాని రంగు ఎంత చవకైనా వద్దు.

మనకు ఇంకో లెక్క కూడా ఉంది. రంజాన్, బక్రీద్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. రిసార్టుల సీజన్లు మాత్రం ఇంగ్లీషు నెలల్ని బట్టి ఉంటాయి. పన్నెండేళ్ల ఒప్పందంలో ఈ రెండూ ఎక్కడెక్కడ ఢీకొంటాయో ముందే చూసుకోవాలి. నెలవంకను బట్టి ఒకటి రెండు రోజులు తేడా రావచ్చు గానీ, మొత్తం మీద ఇలా ఉంటుంది.

బక్రీద్ 2026లో మే ఆఖరి వారంలో, 2027లో మే నడిమికి, 2028లో మే మొదటి వారంలో, 2029లో ఏప్రిల్ ఆఖరున. అంటే 2029 దాకా ఎండాకాలం సెలవుల్లోనో వాటి అంచునో పండుగ వస్తుంది. ఖుర్బానీ పనులు, చుట్టాల రాకపోకలు చూసుకుని వారం ఎంచుకోవాలి.

రంజాన్ 2029 నాటికి జనవరి నడిమికి చేరుతుంది. 2030లో రెండుసార్లు మొదలవుతుంది, జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబరు ఆఖరున ఇంకోసారి. 2031, 2032లలో డిసెంబరులోనే. కాబట్టి ఆ రెండు మూడేళ్లు సంక్రాంతి సెలవులు, ఏడాది చివరి సెలవులు మనకు ప్రయాణానికి కుదరవు. 2036 ప్రాంతానికి రంజాన్ అక్టోబరులోకి, దసరా సెలవుల దగ్గరికి వస్తుంది.

అందుకే ఏటా ఒకే వారం అని కట్టేసిన టైమ్‌షేర్ మన కుటుంబాలకు నప్పదు. సీజన్ లోపల ఏ వారమైనా ఎంచుకునే రకమే కావాలి.

పని సంగతి కూడా కలుపుకోండి. ధర్మవరంలో పట్టుచీరల దుకాణం ఉన్నవాళ్లకు పెళ్లిళ్ల సీజన్‌లో షట్టర్ దించడం కుదరదు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలోనో, దానికి విడిభాగాలిచ్చే కంపెనీల్లోనో షిఫ్టు పని చేసేవాళ్లకు లీవు దొరికినప్పుడే సెలవు. ఇంటాయన గల్ఫ్‌లో ఉంటే ఆయన ఎప్పుడొస్తాడో రెండు నెలల ముందు దాకా తెలీదు. రద్దీ రోజుల గదులు మాత్రం నెలల ముందే నిండిపోతాయి. ముందుగా తేదీ చెప్పలేని ఇంటికి టైమ్‌షేర్ పెద్దగా పనికిరాదు. ఇది మీ తప్పూ కాదు, కంపెనీ తప్పూ కాదు. ఆ వస్తువు తీరే అంత.

గది ఎంత, వంట ఎక్కడ?

మెంబర్షిప్ కాగితంలో గది రకం రాసి ఉంటుంది: స్టూడియో, ఒక బెడ్రూమ్, రెండు బెడ్రూమ్‌లు. స్టూడియో అంటే భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలకు సరిపోయేది. నానా, నానీ, పెళ్లికాని ఫుప్పూ కలిసి వస్తే అది చాలదు, ఇంకో గది బయటి రేటుకు తీసుకోవాల్సి వస్తుంది. పిల్లలు ఇప్పుడు చిన్నవాళ్లే కావచ్చు. ఆరేళ్ల తర్వాత ఒకే గదిలో అందరూ పడుకోగలరా అని కూడా ఆలోచించండి.

భోజనం ఖర్చు మెంబర్షిప్‌లో కలవదు. కొండమీద రిసార్టులో ఏడు రోజులు ముగ్గురు నలుగురు తింటే అదొక పెద్ద బిల్లు. గదిలో వంటగది ఉందా, గ్యాస్ పొయ్యి ఇస్తారా లేక కెటిల్ మాత్రమేనా, రిసార్టు వంటశాలలో మాంసం హలాలేనా, ఇవి ఫోన్‌లో కాకుండా ఈమెయిల్‌లో అడిగి జవాబు తీసుకోండి. బెంగళూరు దాటి ఊటీ దాకా పోయిరావడానికి కారు ఖర్చు లేదా రైలు, టాక్సీ ఖర్చు వేరే. "గది ఉచితం" అన్న మాటకు ఇవన్నీ కలిపి చూస్తే గానీ ప్రయాణం ఎంతకు తేలుతుందో తెలియదు.

ఆర్‌సీఐ లాంటి ఎక్స్ఛేంజ్ సంస్థల ద్వారా మన వారాన్ని ఇచ్చి వేరే దేశంలో వారం తీసుకునే ఏర్పాటు కూడా కొన్ని మెంబర్షిప్‌లకు ఉంటుంది. దానికి విడిగా ఫీజు ఉంటుంది. ఈ సదుపాయం రెండో యజమానికి వర్తిస్తుందో లేదో ముందే అడగాలి.

కొనే పద్ధతి: ఒక్కో అడుగు

స్టాంపు పేపరు మీద ఇద్దరు సంతకాలు పెట్టుకుంటే మెంబర్షిప్ మారిపోదు. కంపెనీ తన రికార్డులో మీ పేరు ఎక్కిస్తేనే అది మీది. దీన్ని మించిన సూత్రం ఈ బేరంలో లేదు.

1. అమ్మేవాడి దగ్గర అసలు ఒప్పందం జిరాక్సు, మెంబర్షిప్ నంబరు, గత ఏడాది ఫీజు రసీదు అడగండి. చుట్టమైనా సరే అడగండి. అడిగితే బాధపడతారని వదిలేస్తే, తర్వాత ఇద్దరూ బాధపడాల్సి వస్తుంది.

2. ఒప్పందంలో ట్రాన్స్‌ఫర్ గురించి ఉన్న పేరా మొదట చదవండి. కొన్ని పథకాలు వేరేవాళ్లకు మార్చనివ్వవు, కొన్ని రక్తసంబంధీకులకే ఒప్పుకుంటాయి, కొన్ని పూర్తి డబ్బు కట్టిన తర్వాతే ఒప్పుకుంటాయి.

3. అమ్మేవాడు కంపెనీలో నమోదు చేసిన తన ఈమెయిల్ నుంచే, మీకు కాపీ పెడుతూ, కస్టమర్ కేర్‌కు రాయాలి. బాకీ ఏమైనా ఉందా, ఈఎమ్‌ఐ అంతా తీరిందా, ఇంకా ఎన్నేళ్లు ఉంది, ఈ ఏడాది రాత్రులు వాడేశారా, ట్రాన్స్‌ఫర్ ఫీజు ఎంత, పేరు మారాక ఏ సదుపాయాలు ఆగిపోతాయి? ఈ ప్రశ్నలకు కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు రావాలి. దగ్గర్లో బ్రాంచి ఉంటే ఇద్దరూ కలిసి పోవడం ఇంకా మంచిది.

4. బయానా కొద్దిగానే ఇవ్వండి. ఒప్పంద పత్రంలో "కంపెనీ పేరు మార్చకపోతే బయానా ఇన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి" అని రాయించుకోండి. మిగతా డబ్బు పేరు మారిన రోజే ఇవ్వండి.

5. డబ్బు చెక్కు ద్వారానో బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ద్వారానో మెంబరు సొంత ఖాతాకే పంపండి. బ్రోకరు ఖాతాకు, "మా తమ్ముడి ఫోన్‌పే"కు వద్దు.

6. కొత్త మెంబర్షిప్ పత్రం మీ పేరు మీద వచ్చాక, మీ లాగిన్‌తో ఒక బుకింగ్ చేసి చూడండి. అప్పుడే పని పూర్తయినట్టు.

మెంబరు చనిపోయి ఉంటే ఇంకో జాగ్రత్త కావాలి. నామినీ అంటే యజమాని కాదు, వారసుల తరఫున అందుకునే మనిషి. మన వారసత్వ నియమాల్లో భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లిదండ్రులు అందరికీ వాటా ఉంటుంది. తహసీల్దారు ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఉన్న పేర్లు చూసి, మేజర్లందరి సంతకాలూ తీసుకోండి. మైనర్లు ఉంటే వకీలు సలహా లేకుండా కొనకండి. కూతుళ్లు దూరంగా ఉన్నారని వాళ్లను పక్కన పెట్టిన బేరం తర్వాత గొడవకే దారి తీస్తుంది.

వడ్డీ మాట, "డబ్బు తిరిగొస్తుంది" మాట

కొత్త మెంబర్షిప్ ఎక్కువగా ఈఎమ్‌ఐ మీద అమ్ముతారు, అందులో వడ్డీ కలిసి ఉంటుంది. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే ఇళ్లకు పూర్తిగా తీరిపోయిన పాత మెంబర్షిప్ నగదుకు కొనడం ఒక దారి. కానీ ఈఎమ్‌ఐ మిగిలి ఉన్నదాన్ని తీసుకుంటే ఆ వడ్డీ కూడా మీ మెడకే చుట్టుకుంటుంది. మీరు ఆలిమ్‌ను అడగాలనుకుంటే ఒప్పందం చేతిలో పెట్టుకుని పోండి. ఏం కొంటున్నాం, ఎన్ని రాత్రులు, ఏ గది, వాడకపోతే ఏమవుతుంది అన్నది చూపించకుండా "టైమ్‌షేర్ జాయిజేనా" అని అడిగితే ఆయనకైనా చెప్పడం కష్టం.

ఇంకో రకం పథకాలున్నాయి, వాటి దరిదాపులకు పోవద్దు. "రాత్రులు వాడకపోతే గడువు తర్వాత డబ్బు పెరిగి తిరిగొస్తుంది" అని చెప్పేవి. ముంబైకి చెందిన పాన్‌కార్డ్ క్లబ్స్ హాలిడే పథకాలు ఇలాగే నడిచాయి. హోటల్ రాత్రుల పేరుతో డబ్బు తీసుకుని, చివర్లో సరెండర్ వాల్యూ ఇస్తామన్నారు. ఇది సెలవుల క్లబ్బు కాదు, అనుమతి లేని సామూహిక పెట్టుబడి పథకం అని సెబీ తేల్చింది. 2014లో కొత్తగా డబ్బు వసూలు చేయొద్దని ఆపింది, 2016లో మదుపుదారులకు డబ్బు తిరిగి ఇవ్వాలని ఆదేశించింది. 50 లక్షలకు పైగా జనం, 7,000 కోట్లకు పైగా డబ్బు. ఆదేశం వచ్చినంత మాత్రాన డబ్బు చేతికి రాదు. అగ్రిగోల్డ్ తర్వాత ఈ సంగతి మన రాష్ట్రంలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. గది వాడుకోవడానికి డబ్బు కట్టడం వేరు, గది పేరు చెప్పి లాభం ఆశ పెట్టడం వేరు.

గొడవ వస్తే ఎక్కడికి పోవాలి?

మన దేశంలో టైమ్‌షేర్‌కంటూ విడిగా చట్టం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టమే ఆధారం. పేరు మారాక కంపెనీ గది ఇవ్వకపోయినా, చెప్పని ఫీజులు వేసినా ఈ చట్టం కింద ఫిర్యాదు చేయొచ్చు. కంపెనీ ఆఫీసు చెన్నైలోనో ముంబైలోనో ఉన్నా అక్కడికి పోనక్కర్లేదు. మీరు ఉండే చోట, లేదా పనిచేసే చోట ఉన్న జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. మన ఉమ్మడి జిల్లాకు కమిషన్ అనంతపురంలో ఉంది. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషనే వింటుంది. 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు కూడా లేదు. సమస్య వచ్చిన రెండేళ్లలోగా వేయాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే దాఖలు చేసే వీలుంది. అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే కొన్ని గొడవలు కేసు దాకా పోకుండానే తేలతాయి.

ఒప్పందంలో "ఏ వివాదమైనా ఆర్బిట్రేషన్‌కే" అని రాసి ఉంటుంది, అది చూసి బెదరకండి. అలాంటి షరతు ఉన్నా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చని సుప్రీంకోర్టు 2018లో ఎమార్ ఎంజీఎఫ్ కేసులో చెప్పింది.

అయితే ఒక తేడా ఉంది. మీకు అమ్మిన వ్యక్తి వ్యాపారి కాదు, తన సొంతది ఒక్కసారి అమ్ముకున్న మనిషి. ఆయన మీద వినియోగదారుల కేసు నిలవడం కష్టం. డబ్బు తీసుకుని పేరు మార్చకపోతే సివిల్ కోర్టు, మోసం చేసి ఉంటే పోలీస్ స్టేషన్. అందుకే పేరు మారకముందు పూర్తి డబ్బు ఇవ్వొద్దని అంతగా చెప్పేది.

మీ దగ్గర ఇప్పటికే ఉంటే, అమ్మాలనుకుంటే

మెంబర్షిప్ ఉన్నవాళ్లకు ఒక రకం ఫోన్లు వస్తుంటాయి. "మీ మెంబర్షిప్‌కు కొనేవాళ్లు దొరికారు. నాలుగు లక్షలు ఇస్తారు. ముందుగా ఎన్‌ఓసీ ఫీజు, జీఎస్టీ కట్టండి, తర్వాత అంతా కలిపి మీ ఖాతాలో పడుతుంది." కట్టాక ఇంకో ఫీజు అంటారు, ఆ తర్వాత ఇంకోటి. కొనేవాడు మాత్రం ఎప్పటికీ రాడు. సొంత వస్తువు అమ్ముకునేవాడు ముందుగా డబ్బు కట్టాల్సిన అవసరం ఏంటి? ఆ ప్రశ్న వేసుకుంటే చాలు. పొరపాటున కట్టేసి ఉంటే వెంటనే 1930కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

కొనకముందు ఒకసారి ఉండి చూడండి

తొందర లేదు. మామూ మెంబర్షిప్‌లో ఒక వారం మీ పేరు మీద బుక్ చేయించుకుని, ఆ వారానికి తగిన డబ్బు ఇచ్చి, కుటుంబంతో పోయి రండి. అతిథుల పేరు మీద బుక్ చేసే వీలు చాలా క్లబ్బుల్లో ఉంది. గది చాలిందా, తిండి కుదిరిందా, నానీ మోకాళ్లు ఆ కొండ మెట్లను ఒప్పుకున్నాయా, పిల్లలకు మళ్లీ రావాలనిపించిందా, ఆ ఒక్క వారంలోనే తెలిసిపోతుంది. వారం రోజులు సెలవు దొరకనివాళ్లకు దగ్గర్లోనే దారులున్నాయి. హార్సిలీ హిల్స్‌లో, లేపాక్షిలో మన టూరిజం వాళ్ల హరిత హోటళ్లు, నంది కొండమీద కర్ణాటక టూరిజం వాళ్ల వసతి ఉన్నాయి. రెండు రాత్రులు ఉండి వచ్చినా పిల్లలకు అది సెలవే.

చివరిగా, ఎవరికి నప్పుతుందో ఒక్క మాటలో: నెలల ముందే తేదీ చెప్పగలిగి, ఏడు రాత్రుల్లో కనీసం ఆరైనా ఏటా వాడుకుని, ఫీజు పెరిగినా ఇబ్బంది పడని ఇంటికి మంచి రంగు ఉన్న పాత టైమ్‌షేర్ లాభమే. మిగతావాళ్లు అదే ఫీజు డబ్బును ఏటా పక్కన పెట్టుకుని, పోవాలనిపించినప్పుడు నచ్చిన ఊళ్లో గది తీసుకోవడం మేలు. మామూ మళ్లీ ఫోన్ చేస్తే ధర అడగకండి. "పోయినేడు ఫీజు ఎంత కట్టావు మామూ? ఎన్ని రాత్రులు వాడుకున్నావు?" అని అడగండి. ఆయన చెప్పే ఆ రెండు అంకెలతోనే మీ లెక్క మొదలుపెట్టండి.